గోడమీది అవకాశము

దేశమేదైనను, కళాశాల ఏదైనను, ప్రవేశద్వారమునకు సమీపమున ఒక ప్రకటనల పలక ఉండక మానదు. ఫీజు చెల్లించుటకు కడపటి దినము, పరీక్షల తేదీలు, వ్యాసరచన పోటీ, ఉపకారవేతనముల వివరము, పోయిన గొడుగును గూర్చిన విన్నపము - ఇవన్నియు ఆ పలకమీద ఒకదానిపై నొకటి చేరుచుండును. నిన్నటి కాగితమును నేటి కాగితము కప్పివేయును. కాగితమును అంటించిన గుమాస్తా తన పని ముగిసినదని వెడలిపోవును. విద్యార్థులు దాని ప్రక్కనుండియే దినమునకు నాలుగుసార్లు నడచిపోవుదురు. గడువు ముగిసిన మరునాడు ఎవడో ఒక బాలుడు ఆ పలకయెదుట నిలిచి, తనకు సరిగా తగిన ఉపకారవేతనము నిన్నటితో చేజారినదని గ్రహించును. ఆ బాలునికి అవకాశము ఇయ్యబడినదా, లేదా? ఇచ్చితిమని కార్యాలయమువారందురు. తనకు అందలేదని బాలుడనును. ఈ వివాదమున న్యాయము బాలుని పక్షమున ఉన్నది.

ఈ ప్రశ్న విద్యాలయములన్నిటికిని వర్తించునదే. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కమ్యూనిటీ కళాశాలల విషయమున దీనికి ప్రత్యేకమైన తీవ్రత కలదు. ఏలనన, ఆ కళాశాలలు పుట్టినదే అవకాశము పేరిట. ధనము లేనివాడు, మార్కులు తక్కువ వచ్చినవాడు, ఇల్లు విడిచి దూరము పోలేనివాడు, నడివయస్సున మరల చదువుకొనగోరువాడు - వీరందరికిని తలుపు తెరచియుంచుట వాటి ఉద్దేశము. తలుపు తెరచుటయే తన ధర్మమని చెప్పుకొను సంస్థ, లోపలికి వచ్చినవానికి లోపలనేమున్నదో చెప్పకున్నచో, ఆ ధర్మము సగమే నెరవేరినట్లు.

ఈ కళాశాలల చరిత్ర చిన్నదే గాని ఆసక్తికరమైనది. 1901లో ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియట్ పట్టణమున, ఉన్నతపాఠశాల ముగించిన బాలబాలికలు స్వస్థలముననే విశ్వవిద్యాలయపు మొదటి రెండు సంవత్సరముల చదువును చదువుకొనుటకు ఏర్పాటు జరిగినది. షికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడైన విలియం రెయినీ హార్పర్, జోలియట్ ఉన్నతపాఠశాల అధికారియైన జె. స్టాన్లీ బ్రౌన్ - ఈ ఇరువురి ఆలోచన అది. ఆరంభమున చేరినవారు ఆరుగురు మాత్రమే. నేటికిని నడచుచున్న ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలలో అదియే మిక్కిలి పాతది. అట్టివానిని ఆ దినములలో జూనియర్ కళాశాలలని పిలిచెడివారు. తెలుగునాట ఇంటర్మీడియట్ చదువు చెప్పు కళాశాలలకును అదే పేరు గలదు గాని, అవి వేరు, ఇవి వేరు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము తన నివేదికలో, ఫీజు లేకయో, స్వల్పమైన ఫీజుతోనో ప్రజలకు ఉన్నతవిద్య నందించు కమ్యూనిటీ కళాశాలలను దేశమంతట నెలకొల్పవలెనని సూచించినది. పిదప 1960 నాటి దశకములో దాదాపు వారమునకొకటి చొప్పున క్రొత్త కళాశాలలు వెలసినవి. ఇప్పుడవి ఆ దేశమున వేయికి మించియున్నవి. ఒక్క కాలిఫోర్నియా రాష్ట్రముననే 116 కళాశాలలును, ఇంచుమించు ఇరువది లక్షల విద్యార్థులును కలరు.

ఈ కళాశాలలలో రెండు సంవత్సరములు చదివి పట్టము పొందవచ్చును. లేక అక్కడ గడించిన క్రెడిట్లతో విశ్వవిద్యాలయమున మూడవ సంవత్సరమున చేరి, బి.ఏ.నో బి.యస్సీ.నో పూర్తిచేయవచ్చును. లేదా కొలది మాసములలో రోగుల శుశ్రూష, లోహముల అతుకుపని, మోటారు వాహనముల మరమ్మతు, జమాఖర్చుల లెక్క మున్నగు వృత్తులలో శిక్షణ పొంది ఉద్యోగమునకు పోవచ్చును. ఇంగ్లీషు రాని వలసజనులు ఆ భాష నేర్చుకొనుటకును అచ్చటికే వచ్చెదరు. ఒకే బల్లమీద పదునెనిమిదేండ్ల బాలుడును, అతని తల్లి వయస్సుగల స్త్రీయును ప్రక్కప్రక్కల కూర్చుండి గణితము నేర్చుకొనుట అచ్చట వింత కాదు.

అట్టి విద్యార్థి దినచర్య ఎట్లుండునో ఊహించుట కష్టము కాదు. ఉదయము ఒక అంగడిలో పని. మధ్యాహ్నము పిల్లవానిని బడినుండి ఇంటికి చేర్చుట. సాయంకాలము ఆరు గంటలకు తరగతి. తరగతి ముగియగనే బస్సుకొరకు పరుగు. ఈ కళాశాలలలోని విద్యార్థులలో సుమారు మూడింట రెండు వంతులమంది పూర్తికాలము చదువువారు కారు. పెక్కుమంది ఉద్యోగము చేయుచునే చదువుదురు. వసతిగృహములు పెక్కు కళాశాలలలో లేవు. కాబట్టి పెద్ద విశ్వవిద్యాలయములలో భోజనశాలయందును, వసతిగృహపు వసారాలోను స్నేహితుల నోట సహజముగా వినబడు వార్తలు వీరి చెవిని పడవు. సలహాదారుల గది సాయంకాలము ఐదు గంటలకు మూతపడినచో, ఆరు గంటలకు వచ్చు విద్యార్థికి ఆ గది ఉన్నను లేనట్లే. విశ్వవిద్యాలయ విద్యార్థికి కళాశాల వార్తలు ఒక వినోదము కావచ్చును. ఈ విద్యార్థికి అవి జీవనాధారము.

ఆ వార్తలలో ఏమేమి ఉండునో చూచినచో ఈ మాటలో అతిశయోక్తి లేదని తేలును. పేద విద్యార్థులకు సంయుక్త ప్రభుత్వమువారు ఇచ్చు పెల్ గ్రాంటు అను సహాయమున్నది. 1972లో వేరొక పేరుతో ఆరంభమై, అటుపిమ్మట సెనేటరు క్లెయిబర్న్ పెల్ పేరిట ప్రసిద్ధమైనది. 2024-25 విద్యాసంవత్సరమున దాని గరిష్ఠ పరిమితి 7,395 డాలర్లు. దానిని తిరిగి చెల్లింప నక్కరలేదు. పెక్కు కమ్యూనిటీ కళాశాలలలో ఒక సంవత్సరపు ఫీజునకు మించిన ధనమది. 1964 నాటి చట్టముతో మొదలైన, కళాశాలలోనే పనిచేసి జీతము పొందు పథకము మరియొకటి. ప్రతిభావంతులైన రెండేండ్ల కళాశాలల విద్యార్థులకు 1918లో స్థాపింపబడిన ఫై థీటా కప్పా అను గౌరవసంఘము ఇంకొకటి. విశ్వవిద్యాలయములకు మారువారికై ప్రత్యేకముగా నిచ్చు ఉపకారవేతనములు, ఆకలితో తరగతికి వచ్చువారికై కళాశాలలే నడుపు ఆహారపు కొట్లు, వేసవిలో పరిశోధనశాలలలో శిక్షణ - ఇట్లు చెప్పుకొనిపోయిన జాబితా పొడవైనదే. అవకాశములు లేవను ఫిర్యాదు అచ్చట చెల్లదు.

అవకాశము లుండియు ఫలమెట్లున్నది? ఆ కళాశాలలలో చేరువారిలో నూటికి ఎనుబదిమంది వరకు ఎప్పటికైనను నాలుగేండ్ల పట్టము పొందగోరువారే. 2024లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము వారిలో విశ్వవిద్యాలయమునకు మారగలిగినవారు మూడింట ఒక వంతు. ఆరేండ్లలో పట్టము చేతికి వచ్చినవారు నూటికి పదునారుగురు. ఆశపడిన ఎనుబదిమందికిని, ఆశ ఫలించిన పదునారుగురికిని నడుమ మిగిలినవారందరును మందమతులని ఏ ఉపాధ్యాయుడును అనడు. మారినవారిలోను నష్టపోయినవారు పెక్కురు. ఒకచోట చదివిన పాఠ్యాంశమును వేరొకచోట లెక్కలోనికి తీసికొనరు. 2004 - 2009 సంవత్సరముల నడుమ ఒక కళాశాలనుండి మరియొక కళాశాలకు మారిన విద్యార్థులు సగటున నూటికి 43 వంతుల క్రెడిట్లను కోల్పోయిరని ప్రభుత్వ తనిఖీశాఖ 2017లో అంచనా వేసినది. ఏ విశ్వవిద్యాలయము ఏ పాఠ్యాంశమును అంగీకరించునో తెలుపు ఒప్పందములు లేకపోలేదు. పేరు నమోదు చేయించుకొను దినముననే ఆ ఒప్పందము విద్యార్థి కంటబడియుండిన, ఎన్ని నెలల చదువు, ఎంత ధనము వృథా కాకుండెడివో!

1960లోనే బర్టన్ క్లార్క్ అను సంఘశాస్త్రజ్ఞుడు ఈ కళాశాలలను గూర్చి ఒక కఠినమైన మాట చెప్పెను. ఎత్తైన ఆశలతో వచ్చినవారిని త్రోసివేయకుండ, మెల్లమెల్లగా, మృదువైన సలహాలతో, వారి ఆశలను చల్లార్చి, చిన్న గమ్యములవైపు మరలించుట ఈ కళాశాలలు చేయు పనులలో నొకటి అని ఆయన విశ్లేషించెను. ఆ విశ్లేషణమును అంగీకరింపనివారును కలరు. అతుకుపని నేర్చి గౌరవముగా బ్రతుకుట చిన్న గమ్యము కాదని వారి వాదము. ఆ వాదము సరియైనదే. కాని వృత్తివిద్యను తెలిసి ఎంచుకొనుట వేరు. వేరొక త్రోవ ఉన్నదని ఎవ్వరును చెప్పనందున దానిలో పడుట వేరు. ఒకరు ఆశను చల్లార్చ నక్కరలేదు. వార్త అందకున్నచో ఆశ దానంతట అదియే చల్లారును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. కళాశాల విద్యార్థులు పసిపిల్లలు కారు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. కావలసినవాడు వచ్చి అడుగవలెను గాని, ప్రతివానిని వెదకిపట్టుకొని చెప్పుట కళాశాలకు సాధ్యమా? ఈ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. స్వయముగా తెలిసికొనుటయు విద్యలో భాగమే. కాని సామెతను కొంచెము ఆలోచింపవలెను. వంటింట అన్నమున్నదని తెలిసిన బిడ్డయే అడుగగలడు. తండ్రి పట్టభద్రుడైన ఇంట పుట్టిన బాలునికి ఏ కార్యాలయమున ఏమి అడుగవలెనో పుట్టుకతోనే తెలియును. వంశమున మొట్టమొదట కళాశాల గడప త్రొక్కినవానికి ఏమి అడుగవలెనో తెలియదు, అడిగిన తప్పేమోయను జంకు. అతని మౌనము సోమరితనము కాదు. అడిగినవారికే పెట్టుదుమను నియమము పైకి సమానముగా కనబడును. ఆచరణలో అది తెలిసినవారికి మరింత తెలుపుట యగును.

చెప్పినంతమాత్రమున చాలునా అనునది తరువాతి ప్రశ్న. దీనికి సమాధానమీయగల ఒక ప్రయోగము అమెరికాలో జరిగినది. కళాశాల సహాయధనమునకు నింపవలసిన దరఖాస్తు ఆ దినములలో అచ్చట పెద్ద చిక్కుగా ఉండెడిది. అందులోని ప్రశ్నలలో పెక్కు ఆదాయపు పన్నుల లెక్కలో ఉండెడివే. కొందరు అర్థశాస్త్రవేత్తలు ఒక పన్నుల లెక్కలు వ్రాసిపెట్టు సంస్థ సహకారముతో, తక్కువ ఆదాయముగల కుటుంబములను వర్గములుగా విభజించిరి. ఒక వర్గమువారికి పన్నుల కాగితములు వ్రాయునప్పుడే కూర్చుండబెట్టి, కళాశాల దరఖాస్తును గూడ నింపిపెట్టిరి. వేరొక వర్గమువారికి వారికెంత సహాయము రాగలదో వివరము మాత్రము చెప్పి పంపిరి. 2012లో ప్రకటితమైన ఫలితము ఆలోచింపదగినది. దరఖాస్తు నింపిపెట్టిన ఇండ్లలోని ఉన్నతపాఠశాల చివరి తరగతి పిల్లలలో రెండేండ్ల కళాశాల చదువు సాగించినవారు నూటికి 28 నుండి 36కు పెరిగిరి. వివరము మాత్రము చెప్పినవారిలో చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. ఆ కాగితము చేతబట్టుకొని ప్రక్కన కూర్చుండినవాడే ఆ పిల్లల భవిష్యత్తును మార్చినాడు.

న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమువారు 2007లో తమ కమ్యూనిటీ కళాశాలలలో ఆరంభించిన ఏ.ఎస్.ఏ.పి. అను పథకము ఈ సత్యమును మరింత విపులముగా చూపినది. అందు చేరిన విద్యార్థి పూర్తికాలము చదువవలెను. సలహాదారును క్రమముగా కలిసికొనవలెను. అందుకు ప్రతిగా సహాయధనమునకు మించిన ఫీజును కళాశాలయే భరించును, పుస్తకముల ఖర్చుకు తోడుపడును, నగరపు రైళ్లలోను బస్సులలోను ప్రయాణమునకు ఉచితమైన చీటినిచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది సలహాదారుల సంఖ్య. మామూలుగా ఒక్క సలహాదారునికి ఆరువందల నుండి పదునైదువందల వరకు విద్యార్థులుండగా, ఈ పథకపు ఆరంభకాలమున అరువది మొదలు ఎనుబది వరకే ఉండిరి. మూడేండ్లలో పట్టము పొందినవారు మామూలు విద్యార్థులలో నూటికి 22 మంది, ఈ పథకములోనివారిలో నూటికి 40 మంది అని 2015లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఒక్కొక్క విద్యార్థికై ఎక్కువ వ్యయమైన మాట నిజమే. కాని పట్టభద్రుల సంఖ్య పెరిగినందున, ఒక్కొక్క పట్టమునకైన వ్యయము తగ్గినది. పిదప ఒహాయో రాష్ట్రమున మూడు కళాశాలలు ఈ పద్ధతిని అవలంబింపగా అచ్చటను పట్టము పొందినవారు దాదాపు రెట్టింపైరి. టెన్నెసీ రాష్ట్రమున 2014లో చట్టము చేసి, ఉన్నతపాఠశాల ముగించినవారికి ఫీజు లేని రెండేండ్ల కళాశాల చదువును ఏర్పరచినప్పుడును, ప్రతి విద్యార్థికిని ఒక మార్గదర్శకుని జతచేసిరి. ఫీజు మాఫీ చేయుటతోనే పని తీరదని వారు గ్రహించిరి.

కాబట్టి కళాశాల వార్త అనునది కార్యాలయమువారు చేతులు కడుగుకొనుటకై అంటించు కాగితము కారాదు. అది బోధనలో నొక భాగము. పాఠము చెప్పు ఉపాధ్యాయుడు విద్యార్థికి అర్థమైనదా యని అడుగును గదా! ప్రకటన చేసినవాడును అట్లే అడుగవలెను. పద్ధతి కష్టమైనదేమియు కాదు. ఈ అవకాశము ఎవరికి, ఎంత, ఏ తేదీలోపల, ఏయే పత్రములు కావలెను, ఏ గదిలో ఎవరిని ఏ వేళ కలిసికొనవలెను అను ఐదు సంగతులు సులభమైన భాషలో వ్రాసిన చాలును. చట్టము మాటలతో నిండిన సర్క్యులరును ఉన్నదున్నట్లు ఎత్తి అంటించుట తెలియజేయుట కాదు. సాయంకాలపు తరగతిలో మొదటి ఐదు నిమిషములు ఉపాధ్యాయుడు దానిని చదివి వినిపించిన, పలకమీది పది కాగితములకంటె అది మేలు. గడువునకు వారము ముందు ఎవరు దరఖాస్తు పెట్టలేదో చూచి వారిని పిలిచిన, అది అంతకంటె మేలు.

విజయవార్తలు వ్రాయు పద్ధతియు మారవలెను. తమ విద్యార్థిని ఒకతెకు గొప్ప ఉపకారవేతనము వచ్చినదని కళాశాల పత్రికలు ఛాయాచిత్రముతో ప్రకటించును. పూలదండ కనబడును, అధ్యక్షులవారి చిరునవ్వు కనబడును. ఆమె ఆ దరఖాస్తును ఎప్పుడు మొదలిడినది, సిఫారసు లేఖకై ఎవరి నడిగినది, మొదటి యేట తిరస్కరింపబడినదా, పనియు చదువును ఎట్లు సరిపెట్టుకొన్నది అను సంగతులు కనబడవు. చదివినవారు ఆమెను మెచ్చుకొని పేజీ త్రిప్పుదురు. త్రోవ చెప్పినచో వారిలో నొకరు మరుసటి యేడు ఆమె వెనుక నడచెడివారు. విద్యార్థులు నడుపు పత్రికలకు ఇది తగిన పని. అధికారులకంటె తోటి విద్యార్థి ప్రశ్నయే త్రోవలోని ముండ్లను చక్కగా బయటపెట్టగలదు.

ఈ విచారము సముద్రముల ఆవలి విషయము మాత్రమే కాదు. భారతదేశమున 1995లో పాండిచ్చేరిలో కమ్యూనిటీ కళాశాల ఆరంభమైనది. 2013లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు దేశమందలి కళాశాలలలో ఇట్టి చదువులు నెలకొల్పుటకు ఒక పథకమును తెచ్చిరి. దానికి చాల ముందే, 1982లో, ఉద్యోగస్థులకును గృహిణులకును చదువు నందించుటకు హైదరాబాదున దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. తలుపు తెరచుటలో తెలుగునాడు వెనుకబడలేదు. తెరచిన తలుపు సంగతి చెప్పుటలోనే లోపమున్నది.

తెలుగు పాఠశాలల ఉపాధ్యాయులకు చిరపరిచితమైన ఉదాహరణ మొకటి కలదు. ఎనిమిదవ తరగతి చదువు పేద విద్యార్థులకై 2008లో కేంద్రప్రభుత్వమువారు ఆరంభించిన జాతీయ ఉపకారవేతన పరీక్ష అది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలు దానిని వ్రాయుదురు. ఎన్నికైనవారికి తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు ధనసహాయము. 2017 నుండి దాని మొత్తము ఏడాదికి 12,000 రూపాయలు. కూలిపనివారి ఇంట ఆ ధనము బాలికను బడి మాన్పించుటకును, మాన్పింపకుండుటకును నడుమ నిలుచునది. పరీక్ష నెగ్గినను పని తీరదు. ఆదాయ ధ్రువపత్రము తేవలెను. బ్యాంకు ఖాతా తెరువవలెను. పేరులో ఒక్క అక్షరము తేడా లేకుండ చూడవలెను. ఏటేట దరఖాస్తును పునరుద్ధరింపవలెను. వీనిలో ఏ యొక్కటి తప్పినను గెలిచిన పరీక్షయు గాలికి పోవును. సర్క్యులరు ప్రతి పాఠశాలకును వచ్చును. కాని ఏదో ఒక పల్లెలో ఏటేట నలుగురైదుగురు పిల్లలు ఎన్నికైనారన్నచో, అచ్చట ఆ సర్క్యులరును తన చేతిలోనికి తీసికొని, సెలవుదినములలో పిల్లలను కూర్చుండబెట్టి, తండ్రులను వెంటబెట్టుకొని మండల కార్యాలయమునకు తిరిగిన ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో ఉండితీరవలెను. న్యూయార్కు పథకము లక్షల డాలర్లతో నేర్పిన పాఠమును అట్టివారు జీతమునకు మించి ఒక్క కాసు ఆశింపక ఏనాటినుండియో ఆచరించుచున్నారు.

అయినను ఒక ఉపాధ్యాయుని మంచితనముపై వేలాడు అవకాశము స్థిరమైనది కాదు. అతడు బదిలీయైన మరుసటి యేడు ఆ పల్లెనుండి ఒక్క పేరును వినబడకపోవచ్చును. కావున అట్టివాని పనిని పాఠశాల పనిగా, కళాశాల పనిగా గుర్తించి, దానికి వేళను కేటాయించి, దానికొక మనిషిని నియమింపవలెను. ఎన్ని ప్రకటనలు వెలువడినవని కాక, అర్హులలో ఎందరు దరఖాస్తు పెట్టిరి, ఎందరికి ధనము చేతికందినది అని ఏటేట లెక్క చూచుకొనవలెను. విద్యార్థులకును ఇందులో పాలున్నది. తనకు తెలిసిన గడువును ప్రక్కవానికి చెప్పిన, తనకు పోటీ పెరుగునను భయము పెక్కుచోట్ల నిరాధారము. పెల్ గ్రాంటువంటి సహాయములు అర్హులందరికిని లభించునవే. అట్టివి తగ్గునది దాచినందువలననే.

పలకయెదుట నిలిచియున్న ఆ బాలుని మరల తలచుకొనవలసియున్నది. అతనికి చెప్పుటకు కార్యాలయమునొద్ద సమాధానము సిద్ధముగానే ఉన్నది: ప్రకటన పదునైదు దినములు గోడమీద ఉన్నదని. ఆ పదునైదు దినములును అతడు ఆ గోడ ప్రక్కనుండియే నడచిపోయినాడు. అతనిని ఒక్కసారి పేరుపెట్టి పిలిచినవారుండిరా అనునదే ఆ విద్యాలయము తనకు తాను వేసికొనవలసిన ప్రశ్న.